కాస్మస్ సరంగు ఎడమ పక్క

కరీబియన్ సముద్రంలోని కారియకూ దీవిలో, టిరెల్ బే రేవులో ఏ సరంగును కదిపినా అంతకుముందు ఇంకేదో పని చేసినవాడే. స్వీడన్ నుంచి వచ్చిన టోర్కెల్ బళ్లో లెక్కలు చెప్పేవాడు. ఒకనాడు పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, కోటు కూడా తీసుకోకుండా బయటికొచ్చేశాడట. ఫ్రాన్సువాడు యానిక్ మంటలార్పే దళంలో ఉద్యోగి. ఇంగ్లండు ఆవిడ ప్రూడెన్స్ పశువుల డాక్టరు. ఇప్పటికీ రేవులో ఏ కుక్క కుంటినా ఆవిడ పడవ దగ్గరికే మోసుకెళ్తారు. సాయంత్రమైతే రమ్ముకొట్టు అరుగు మీద చేరి పాత బతుకుల కబుర్లు చెప్పుకోవడం వీళ్లందరికీ అలవాటు. షికారుకొచ్చే డబ్బున్నవాళ్లకీ అదే కావాలి. పడవెక్కి చెప్పులు విప్పారో లేదో, "ఇంతకుముందు మీరేం చేసేవారు కెప్టెన్ గారూ?" అని మొదలుపెడతారు.

ఈ ప్రశ్న వింటే కాస్మస్ బెతెల్‌కి ఒళ్లు మండేది.

"నేనా? పడవలో ఉండేవాణ్ణి. అది విసుగేసి పడవలోకొచ్చాను," అనేవాడు.

విన్నవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు. ఉన్నమాట చెబుతుంటే నవ్వొస్తుందేమిటి వీళ్లకి అని అతని బాధ.

నిజంగానే ఉన్నమాట అది. ఆ కారియకూ దీవికే తూర్పు అంచున విండ్‌వార్డ్ అనే ఊళ్లో పుట్టాడు. అక్కడ ఇళ్ల మధ్యనే పడవలు కడతారు. పలకల సందుల్లో పీచు కూరి తారు పూయడం తండ్రి ఆంబ్రోస్ పని. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అదే నేర్పుదామనుకున్నాడు. కూర్చోబెట్టడమా, వాణ్ణా! కాలు ఒక్కచోట నిలిస్తే కదా. మీసం రాకముందే ట్రినిడాడ్‌కి గొర్రెల్ని మోసే తెరచాప పడవ ఎక్కేశాడు. ఆ గొర్రెల కంపు వదలకముందే విస్కీ పెట్టెలు మోసే పడవలోకి మారాడు. సెయింట్ బార్ట్స్‌లో సరుకెక్కించుకుని, దీపం వెలిగించకుండా నీళ్లలోని పగడపు దిబ్బల మధ్య నడిపి, సుంకం వాళ్లకి దొరక్కుండా ఒడ్డున దించాలి. తర్వాత ఇనప ఓడలో కళాసీగా రాటర్‌డామ్ దాకా వెళ్లాడు. అక్కడ చలికి భయపడలేదు గానీ, ఓడ దాని దోవన అది పోతుంటే తాను తుప్పు గీక్కుంటూ కూర్చోవడం భరించలేకపోయాడు. తిరిగొచ్చి, గొప్పవాళ్ల షికారు పడవల్ని ఒక దీవి నుంచి ఇంకో దీవికి చేరేసే పని పట్టాడు. ఇవాళ ఆంటిగ్వా, ఎల్లుండి మార్టినిక్. ఇల్లంటే బట్టలు ఉతికించుకునే చోటు, అంతే.

దానికి పగ్గం వేసింది భార్య ఇడోరా.

"ఇంకొక్కసారి నన్నొదిలి పడవెక్కావంటే, నువ్వొచ్చేసరికి ఇంట్లో నేనుండను," అంది ఒకరోజు గిన్నెలు తోముకుంటూ.

ఇడోరా మాట్లాడేదే తక్కువ. మాట్లాడిందంటే జరిగినట్టే. కాస్మస్ హడలిపోయి, 'ఒరెలియా' అనే షికారు పడవలో సరంగుగా కుదురుకుని, ఆమెను అందులోనే వంటమనిషిగా పెట్టించాడు. పన్నెండేళ్లయింది. భార్యాభర్తలిద్దరే పడవ నడిపేది. ఇడోరా చేసే శంఖం మాంసం కూర కోసమే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లున్నారు.

అన్నీ బాగానే ఉన్నాయి, కళ్లు తప్ప.

తండ్రి ఆంబ్రోస్‌కి నీటికాసులు. నొప్పిలేదు, మంటలేదు, పక్కల నుంచి చీకటి జరుగుతూ జరుగుతూ వచ్చి చూపంతా మింగేసింది. ఆఖరి రోజుల్లో వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం వైపు మొహం పెట్టుకుని, దోవన పోయేవాళ్లని పట్టుకుని అడిగేవాడు. "ఆ వచ్చేది ఎవరి పడవరా? తెరచాప ఎన్ని మడతలేశాడు? కొంచెం చెప్పి పోరాదూ?" మొదట్లో అందరూ ఆగి చెప్పారు. పోనుపోను వరండా దగ్గరికొచ్చేసరికి అడుగులు చప్పుడు కాకుండా నడిచేవాళ్లు. కాస్మస్ కూడా నడిచాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు.

ఇప్పుడు తనకీ ఎడమ పక్క మసకేసింది. మసక కూడా కాదు, అక్కడేమీ లేనట్టుంది. తిన్నగా చూస్తే ఈకలతో సహా పక్షి కనిపిస్తుంది. ఎడమవైపు మాత్రం మనిషొచ్చి భుజం తట్టేదాకా తెలీదు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే చుక్కాని ముట్టుకోవద్దంటాడు. చుక్కాని లేకపోతే కుర్చీ, కుర్చీ ఎక్కితే అడుక్కోవడం. చచ్చినా ఎవణ్ణీ అలా అడగనని లోపల ఒట్టేసుకున్నాడు. 'ఈ నీళ్లు నాకు కొత్తా? ఏ దిబ్బ ఎక్కడుందో నా కాళ్లకే తెలుసు,' అనుకునేవాడు. అనుకుంటూనే, కాలుగాలిన పిల్లిలా పడవంతా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాడు. నిద్ర తగ్గింది, కోపం పెరిగింది. ఎవరైనా ఎడమవైపు నుంచి పలకరిస్తే ఉలిక్కిపడి, ఉలిక్కిపడ్డందుకు వాళ్లనే తిట్టేవాడు.

దానికితోడు ఇడోరా వాగుడొకటి!

ఇంట్లో రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, పడవ కదిలిందంటే చాలు, రేడియో పెట్టినట్టే. ఉల్లిపాయల గిన్నె తెచ్చుకుని సరిగ్గా అతని ఎడమ మోచేతి కింద చేరేది. ఇక ఆపేది కాదు.

"అదిగో, సిలాస్ వాళ్ల వల. దానికి ఎర్ర డబ్బా కట్టారు చూశావూ, మన పక్కకే కొట్టుకొస్తోంది. ఈ మనుషులకి ఎన్నిసార్లు చెప్పాలో. ఆ నీళ్లు చూడు, మా మేనత్త కాచే టీలాగా ఎంత గోధుమరంగో. తూ, ఆ టీ తాగలేక చచ్చేదాన్ని. ఆ ఫ్రెంచివాళ్ల పడవ చూడు, మన ముక్కు కిందకే వస్తున్నారు, పలకరించడానికి కాబోలు..."

"అబ్బబ్బ! కాస్త ఊపిరి తీసుకోవే తల్లీ," అని విసుక్కుంటూ కాస్మస్ చుక్కాని చక్రాన్ని ఇటు తిప్పేవాడు, అటు తిప్పేవాడు. పడవ వల తప్పించుకుని, దిబ్బ తప్పించుకుని, ఫ్రెంచివాళ్లని తప్పించుకుని హాయిగా పోయేది. చూశారా, నాకేం తక్కువ అనుకునేవాడు మహానుభావుడు.

ఆ వారం పడవెక్కినవాళ్లు కెనడా నుంచి వచ్చిన మెర్సియే దంపతులు. గైటన్ మెర్సియే రైళ్ల పట్టాలేయించిన ఇంజనీరు, ఇప్పుడు ఖాళీ. భార్య లిసెట్‌కి ఈత రాదు, అయినా మొగుడి సరదా కోసం వచ్చింది. అన్ని దీవులూ తిరిగి ఆఖరిరోజు పెటీట్ మార్టినిక్ దీవి దగ్గర లంగరేసి ఉండగా, పొద్దున్నే గైటన్ అడిగాడు.

"కెప్టెన్ గారూ, మీ ఊరు ఇక్కడే కదా? పడవలు కట్టేచోటు చూడాలనుంది. తీసుకెళ్తారా?"

విండ్‌వార్డ్ ఎదురుగానే కనిపిస్తోంది. కానీ దీవినంతా ఊపేసిన ఆ పెద్ద తుఫాను తర్వాత కాస్మస్ ఆ ఊరు వెళ్లనేలేదు. కాపురం టిరెల్ బేలో. తుఫానుకి కప్పులు ఎగిరిపోయిన చుట్టాలకి రేకులు లారీలో పంపాడు గానీ తాను కదల్లేదు. అక్కడి ముసలాళ్లు ఆంబ్రోస్ కొడుకనగానే ముందు కళ్లలోకి చూస్తారు.

"ఆ దోవ మంచిది కాదండీ," అన్నాడు. "ఊరి ముందు పగడపు దిబ్బ. మధ్యలో చిన్న సందు."

"మీక్కూడా కష్టమేనా?"

ఈ ఒక్క మాట చాలు, ఎంత జాగ్రత్తగల సరంగైనా బోల్తా కొట్టడానికి.

"నాకా! కళ్లు మూసుకుని తీసుకెళ్తా పదండి," అన్నాడు కాస్మస్.

ఇడోరా కాఫీ పోస్తున్నదల్లా ఆగి అతనివైపు చూసింది. లంగరు తీసే లోపలే కింద వంటగది సర్దేసి, గిన్నె పట్టుకుని వచ్చి తన చోట్లో కూర్చుంది.

గాలి వెనక నుంచి తోస్తోంది. సూర్యుడు కూడా వెనకే ఉన్నాడు. దిబ్బల్లోకి పోవడానికి అంతకన్నా మంచి పొద్దు ఉండదు. విండ్‌వార్డ్ పిల్లలకి ఈత తర్వాత నేర్పే విద్య ఒకటే. కొండ నడుములో ఉన్న నొక్కు కిందకి ఒడ్డునున్న ఇథ్లిన్ అనే ఆవిడ ఇంటి ఎర్రకప్పు వచ్చేలా పెట్టుకుని, తిన్నగా రావాలి. కప్పు కుడికి జరిగినా ఎడమకి జరిగినా దిబ్బే. కాస్మస్ తండ్రి అలాగే వచ్చాడు, తాత అలాగే వచ్చాడు. దూరం నుంచి కొండ నొక్కు దొరికింది. దాని కింద ఇళ్లన్నీ ఏదోలా కనిపించాయి. మునుపటి ఇళ్లు కొన్ని లేవు, ఉన్నవాటి మీద నీలం టార్పాలిన్లు. అతని కాళ్లు చూస్తే ఒకదాని తర్వాత ఒకటి పడవ పలకల్ని తన్నుతున్నాయి.

ఇడోరా మొదలెట్టింది.

"ఒడ్డున ఎవరో కొత్త పడవకి పక్కటెముకలు నిలబెట్టారు చూడు. పాపం, ఆ తుఫానుకి ఎన్ని పోయాయో. అన్నట్టు ఇథ్లిన్ అక్క ఇంటి కప్పు సంగతి విన్నావా? పోయిన ఆదివారం నేను—"

"నీ నోటికో దణ్ణం!" అని అరిచాడు కాస్మస్. "ఇక్కడ ప్రాణం అరచేతిలో పెట్టుకుని నేనుంటే, ఇథ్లిన్ అక్కట, ఆదివారమట! పో కిందకి! నీ గొంతు వింటే నాకు పిచ్చెక్కిపోతోంది."

లిసెట్ తల తిప్పేసుకుంది. గైటన్ ఏమీ విననట్టు దుర్భిణి కళ్లకి పెట్టుకున్నాడు. ఇడోరా మొహం మాడిపోయింది. గిన్నె తీసుకుని కిందకి దిగిపోయింది.

హమ్మయ్య, అనుకున్నాడు కాస్మస్.

ఆ నెమ్మది ఎంతోసేపు హాయిగా లేదు. ఏదో తేడాగా ఉంది. చెవుల్లో గాలి, నీళ్లు, అంతే. ఎటు తిప్పాలో చెయ్యికి తోచడం లేదు. ఇదేం వింత, ఇన్నాళ్లూ తోచింది కదా! ఎర్రకప్పు వెతికాడు. అదిగో దొరికింది, నిగనిగలాడుతూ. ఇథ్లిన్ రంగేయించినట్టుంది. దాన్ని కొండ నొక్కు కిందకి తెచ్చుకుని, తెరచాప దించి, ఇంజను మీద తిన్నగా పోనిచ్చాడు.

ముందు చిన్న కుదుపు. ఎవరో అడుగున గుద్దినట్టు. తర్వాత గరగరమని చప్పుడు, పళ్లు జివ్వుమనేలాంటిది.

వంటగదిలోంచి ఇడోరా ఒక్క ఉదుటున పైకొచ్చింది.

"కుడికి! కాస్మస్, కుడికి తిప్పు! ఆపు, ఆపు, వెనక్కి!"

ఆలోచించకుండా తిప్పాడు. ఇంజను మొత్తుకుంది. ఇంకొకసారి రాసుకుని, పడవ వదులైంది. చుట్టూ కాస్త లోతున్న గుంటలాంటి చోటు. అక్కడ ఇంజన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పడవని నిలబెట్టగలిగాడు. అప్పుడు మొహం మొత్తం ఎడమకి తిప్పి చూశాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, చర్చి వాకిలంత బండ. గోధుమరంగుది, మీద నురగ కదులుతోంది. ఇంతసేపూ తన పక్కనే ఉంది.

"ఎర్రకప్పు పట్టుకునే వచ్చాను," అన్నాడు కాస్మస్.

"అది అక్క ఇల్లు కాదు, లెస్టర్ రొట్టెల కొట్టు. అక్క ఇంటిమీద ఇప్పుడు ఆకుపచ్చ రేకులు. చెప్పబోతే కిందకి పొమ్మన్నావు," అంది ఇడోరా. ఆమెకి ఆయాసంగా ఉంది. "కప్పు మాట సరే. ఇంత బండ నీకు కనపళ్లేదా?"

"ఎండ కళ్లలో పడి..."

"ఎండ నీ వీపు మీదుంది."

కాస్మస్ ఇంజన్ని మళ్లీ కాస్త వెనక్కి ఆడించాడు.

"రెండేళ్లు," అంది ఇడోరా. గొంతు పెద్దది చెయ్యలేదు. "రెండేళ్లుగా ఆ పక్కన కూర్చుని వాగుతున్నా. నేను వాగుడుకాయనా కాస్మస్? ఇంట్లో ఎప్పుడైనా నా గొంతు విన్నావా? మేనత్త టీ అంట, సిలాస్ వలంట, నోరు నొప్పెట్టి రాత్రుళ్లు ఉప్పునీళ్లు పుక్కిలించి పడుకుంటున్నా. నీకు పిచ్చెక్కిందా! నాకు ఎక్కలేదనుకున్నావా?"

ఆమె కూర్చున్న చోటు, ఆ టీ, ఆ డబ్బా, ఆ ఫ్రెంచివాళ్లు, అన్నీ ఒక్కసారిగా కాస్మస్ బుర్రలో సర్దుకున్నాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నీకెలా తెలుసు?"

"ఎడమ పక్క పెట్టిన కప్పులన్నీ తన్నేస్తుంటే తెలీదా? మీ నాన్నకి అన్నం పెట్టింది నేను కాదా?"

"మరి ఒక్కమాట అనలేదేం?"

"అంటే ఒప్పుకునేవాడివా? ఇల్లెక్కి అరిచేవాడివి. చుక్కాని పోతే నువ్వు బతకవనుకున్నా." ఇడోరా కళ్లు తుడుచుకుంది. "తప్పు నాదే. మాట్లాడి మాట్లాడి, నీకు కళ్లున్నాయని నిన్నే నమ్మించా. ఇవాళ ఆ ఈతరాని మనిషిని ముంచేవాళ్లం."

పడవ ముక్కు దగ్గర మెర్సియే దంపతులు కమ్మీ పట్టుకుని నిలబడి చూస్తున్నారు. "ఏమైనా ఇబ్బందా కెప్టెన్ గారూ?" అని అడిగాడు గైటన్.

"ఒక్క నిమిషం," అన్నాడు కాస్మస్. ఇడోరా వైపు తిరిగి మెల్లిగా, "చెప్పు. మామూలుగా చెబుతావే, అలా చెప్పు. లోపలికి పోదాం."

"చెప్పను." ఆమె వచ్చి అతని ఎడమ పక్కనే నిలబడింది, చేతులు కట్టుకుని. "ఇక కబుర్లు లేవు. నువ్వడుగు. అడిగినదానికి చెబుతా."

"వాళ్లు వింటారే!"

"విననీ."

వెనక్కి పోవాలంటే ఎదురుగాలి, మళ్లీ ఆ బండల మధ్య నుంచే. ముందుకి పోవాలంటే సందు. కాస్మస్ పళ్లు నూరాడు. కాలు మార్చి కాలు వేశాడు. ఆమెను తిట్టాలనిపించింది, చక్రం వదిలేసి నీళ్లలో దూకాలనిపించింది. ఇంజను నడుస్తోంది. ఇడోరా నోరు విప్పలేదు. బండరాయి కన్నా ఆమె మొండిది, పన్నెండేళ్ల కిందటే తెలిసిన సంగతి.

"ఎడమ పక్క..." అన్నాడు. దగ్గి, గట్టిగా అన్నాడు. "ఎడమ పక్క ఏముంది?"

"బండ. మూడు బారల దూరంలో ఉంది. అలాగే పోనీ, నెమ్మదిగా."

"ఇప్పుడు?"

"ఇంకా బండే. కాస్త కుడికి. చాలు."

ఆకుపచ్చ కప్పు అతనికి దొరికింది. దాన్ని నొక్కు కిందకి తెచ్చుకున్నాడు. చూపు దాని మీంచి తియ్యకుండా, పక్కన ఏముందని అడుగుతూనే ఉన్నాడు. అడిగిన కొద్దీ గొంతు తేలికైందని చెప్పడానికి లేదు, ప్రతిసారీ ముల్లు మింగినట్టే ఉంది. అయినా అడిగాడు. ఆమె చెప్పింది. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

"ఇప్పుడేముంది?"

"ఇసక. దాటేశాం."

లంగరు పడింది. గైటన్ చప్పట్లు కొట్టుకుంటూ వెనక్కొచ్చాడు. "అద్భుతం! సరంగు అడగడం, వంటావిడ చెప్పడం, భలే పద్ధతి. ఇది మీ ఊరి ఆచారమా?"

అవునండీ, తాతల నాటిది అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇడోరా మొహం అటు తిప్పుకుని లంగరు తాడు చుట్టుకుంటోంది. సాయం రాలేదు.

"కాదండీ," అన్నాడు కాస్మస్. "నాకు ఎడమవైపు కనపడదు."

గైటన్ చిరునవ్వు అలాగే ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"రెండేళ్లుగా."

లిసెట్ మెల్లిగా కూర్చుండిపోయింది. "అంటే ఈ వారమంతా మమ్మల్ని..." అని ఆపేసింది. ఆమెని తప్పుపట్టడానికేముంది?

"అవునమ్మా. క్షమించమనడానికి కూడా నాకు మొహం లేదు." కాస్మస్ ఫోను తీశాడు. వాళ్ల ఎదుటే టోర్కెల్‌ని పిలిచాడు. "ఒరేయ్ లెక్కల మాస్టారూ, బండెక్కి విండ్‌వార్డ్ రా. నా పడవని నువ్వే టిరెల్ బే చేర్చాలి. కాదు, ఇంజను బాగానే ఉంది. నా కళ్లురా, పోయాయి. రేపు యజమానికి కూడా చెప్పేస్తాను. ఇంక నన్నేమీ అడక్కు, రా."

పడవలు కట్టేచోటు చూడటానికి మెర్సియేలు ఒడ్డుకి వెళ్లారు. వాళ్లని చిన్న పడవలో దించి వచ్చింది ఇడోరా. కాస్మస్ వెళ్లలేదు. పడవ ముక్కు నుంచి వెనక చివరిదాకా, చివరి నుంచి ముక్కుదాకా తిరుగుతూనే ఉన్నాడు. ఎడమచెయ్యి కమ్మీ మీంచి తీయకుండా తిరిగాడు. ఒడ్డున ఎవరో ముసలాయన చెయ్యెత్తి ఆంబ్రోస్ కొడుకువేనా అని కేకేశాడు. కాస్మస్ కూడా చెయ్యెత్తాడు.

"కూర్చోరాదూ, కళ్లు తిరుగుతున్నాయి నిన్ను చూస్తుంటే," అంది ఇడోరా.

"కూర్చోలేనే. కూర్చున్నానంటే నాన్ననైపోతాను. భయమేస్తోంది నాకు."

ఇడోరా లోపలికి వెళ్లి, పొద్దున పెటీట్ మార్టినిక్‌లో కొన్న చేపలూ, కత్తీ, చెక్కా తెచ్చి పడవ వెనక పలక మీద, నడుమెత్తున పెట్టింది.

"అయితే నిలబడే చెయ్యి," అంది.

సాయంత్రం టోర్కెల్ వచ్చేదాకా కాస్మస్ నిలబడే ఆ చేపలన్నీ శుభ్రం చేశాడు.